హాజరు పట్టీలో జ్వరానికి గడి లేదా?

ప్లేస్కూళ్లు, ప్రీస్కూళ్లు నడుపుతున్న యాజమాన్యాల వారికి,



మీలో ఒకరి బడి నుంచి పోయిన సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకు మా అమ్మాయి ఫోనుకు ఒక సర్క్యులర్ వచ్చింది. ఆ బడి పేరు రాయను. రాస్తే మిగతావాళ్లంతా ‘మన గురించి కాదులే’ అని పక్కన పెట్టేస్తారు. అందులో రెండు ముక్కలున్నాయి. తొంభై శాతం హాజరు లేని పిల్లలకు మార్చిలో జరిగే గ్రాడ్యుయేషన్ డే నాడు వేదిక మీదికి పిలుపు ఉండదన్నది మొదటిది. మాటిమాటికీ జబ్బుపడే పిల్లల తల్లిదండ్రులు వాళ్ల ‘ఇమ్యూనిటీ’ మీద శ్రద్ధ పెట్టాలన్నది రెండోది. చివర ఒక నవ్వు ముఖం బొమ్మ కూడా పెట్టారు.

మా మనవరాలికి మూడేళ్ల ఎనిమిది నెలలు. నర్సరీ. హాజరు 76 శాతం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు నల్లగొండ జిల్లాలో ఏఎన్‌ఎంగా పనిచేసి 2021లో రిటైరయ్యాను. టీకాల డబ్బా భుజాన వేసుకుని తండాలన్నీ తిరిగినదాన్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో కూతురి దగ్గరుంటున్నాను. మనవరాలిని వ్యాన్ ఎక్కించడం, దించుకోవడం, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చోవడం నా డ్యూటీ. సర్క్యులర్ చదివి మా అమ్మాయి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. కోపంలో ఉత్తరాలు రాయకూడదని మూడు రోజులు ఆగాను. తగ్గలేదు. రాస్తున్నాను.

మా వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, పాప జ్వరాలు అన్నీ దానిమీదే రాస్తాను. రిజిస్టర్లు నింపి నింపి అలవాటైన చెయ్యి, ఊరుకోదు. మీ పట్టీలో ‘ఆబ్సెంట్’ అని పడిన రోజుల్లో మా క్యాలెండర్ మీద ఏముందో వినండి. జూన్ 12న బడి తెరిచారు. జూన్ 21న సర్ది, రెండు రోజులు 101. జులై మొదటి వారంలో మళ్లీ సర్ది. ఆఖరి వారంలో అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు. ఐదు రోజులు చల్లటి పెరుగన్నం తప్ప ఏదీ మింగలేదు. వినాయకుణ్ని పెట్టిన నాడు 103. సెప్టెంబరులో దగ్గు, దాంతోపాటు కళ్లకలక. దసరా సెలవులంతా క్యాలెండర్ తెల్లగా ఉంది, ఇది గమనించండి. బడి మళ్లీ తెరిచిన తొమ్మిదో రోజున ఎర్ర సిరా. నవంబరులో వాంతులు, విరేచనాలు. డిసెంబరులో పట్టిన దగ్గు సంక్రాంతి ముగ్గుల దాకా వదల్లేదు. జనవరి ఆఖరులో ఫ్లూ. అది నాకూ అంటింది. పిల్ల నాలుగో రోజుకు లేచి సోఫా మీద గెంతింది, నేను పది రోజులు మంచం దిగలేదు.

మొత్తం తొమ్మిది సార్లు. ఇది చూసే కదా ‘ఇమ్యూనిటీ తక్కువ’ అని మీరు తీర్మానించింది?

ఏళ్ల తరబడి పసిపిల్లల మధ్యే వ్యాపారం చేస్తున్నారు, ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదా? కొత్తగా నలుగురిలోకి వెళ్లిన పిల్లకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు, కొందరికి పది పన్నెండు సార్లు కూడా ఇలా రావడం మామూలే. జలుబు తెచ్చే వైరస్‌లలో రైనోవైరస్ అనేది ఒకటి. దానిలోనే 160కి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని ఒళ్లు గుర్తుపట్టి తరిమేసేలోపు పక్క కుర్చీలో పిల్లవాడు ఇంకో రకం తెచ్చి ఉంటాడు. అమెరికాలో టూసాన్ అనే ఊళ్లో 1980లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి లెక్క తీశారు. పసితనంలోనే పెద్ద డేకేర్లకు వెళ్లిన పిల్లలకు రెండేళ్ల వయసులో జలుబులు ఎక్కువ. ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య చూస్తే వాళ్లకే తక్కువ. పదమూడేళ్లకు వచ్చేసరికి అందరూ సమానం. అంటే ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లకు ఈ జ్వరాలు తప్పవు, కాస్త ఆలస్యంగా వస్తాయి, అంతే. మా పిల్ల తన బాకీ ఇప్పుడు తీరుస్తోంది. ఆ బాకీ పెట్టింది మీ తరగతి గదే. ఆ గదిలో అంటిన జ్వరానికి, ఆ గదికి రాలేదని శిక్షా?

నిజంగా రోగనిరోధక శక్తి లోపించిన పిల్లలు ఉంటారు. అరుదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వస్తుంది, చెవిలో చీము పదేపదే పడుతుంది, నెలలు గడిచినా తూకం ముల్లు కదలదు. రెండు వారాలు దాటి జ్వరం, దగ్గు వదలకుండా పిల్ల చిక్కిపోతుంటే టీబీ పరీక్ష చేయించమని ఎన్ని గడపల దగ్గర మొత్తుకున్నానో నాకే తెలియదు. అలాంటి పిల్లను చూస్తే మీకంటే ముందు నేను పరుగెత్తుతాను. మా చిట్టి జూన్‌లో 13 కిలోలు, ఈ నెలలో పద్నాలుగున్నర. రెండు జ్వరాల మధ్య రోజుల్లో ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ రోజుల్లో పిల్ల ఎలా ఉంటుందన్నదే చూడవలసింది. హాజరు శాతం చూసి రోగం తేల్చే డాక్టరును నా సర్వీసులో నేను చూడలేదు.

ఇప్పుడు ఒక రోజు సంగతి చెబుతాను. దసరా సెలవులు అయ్యాక తొమ్మిదో రోజు అన్నాను చూడండి, ఆ రోజు.

పొద్దున ఏడుంపావుకు పిల్ల చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. థర్మామీటరు పెడితే 100.8. నెల మొత్తం మానకుండా వచ్చిన పిల్లలకు మీరు ఛాతీ మీద ఒక నక్షత్రం బ్యాడ్జి పెడతారు. ఆ నెలలో అప్పటిదాకా మా పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు. ‘అమ్మా, నా స్టార్’ అని మూడు రోజులుగా జపం. మా అమ్మాయికి ఆఫీసులో ఏదో రివ్యూ మీటింగ్, సెలవులు జులైలోనే అయిపోయాయి. నేను వద్దన్నాను. ‘సిరప్ వేస్తే తగ్గుతుందమ్మా, పన్నెండున్నరకు వచ్చేస్తుంది కదా’ అంది. 7.45కి పారాసిటమాల్ వేసింది. 5 మి.లీ.కి 120 మిల్లీగ్రాముల సీసా, ఎనిమిది మి.లీ. ఎనిమిదిన్నరకు వ్యాన్ వచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, పిల్ల టాటా చెప్పింది. డైరీలో ఏమీ రాయలేదు. రాస్తే తిప్పి పంపిస్తారు, నక్షత్రం పోతుంది.

పన్నెండు దాటాక మీ ఫోను. ‘పాప డల్‌గా ఉంది ఆంటీ, తీసుకెళ్లండి.’ ఆటోలో వెళ్లాను. ముందు గదిలో ఏసీ కింద, చాప మీద, బూట్లు కూడా విప్పకుండా పడుకోబెట్టారు. భుజానికి బ్యాగు అలాగే ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఆయమ్మ నా చెవిలో అంది, ‘అమ్మా, లోపల ఇంకో ముగ్గురు పండుకున్నరు, నేను చెప్పిన్నని చెప్పకండి.’ ఏం మందు వేశారని మేనేజరమ్మను అడిగాను. జ్వరం సిరప్పే ఆంటీ, పదిన్నరకు ఒక స్పూను, అంది. సీసా చూపించమన్నాను. మీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉన్నది 5 మి.లీ.కి 250 మిల్లీగ్రాముల సీసా.

అక్కడే నిలబడి లెక్కేశాను. పద్నాలుగు కిలోల పిల్ల. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదుకు 210. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు. మా పిల్లకు మూడు గంటలు తిరక్కముందే 192 ఒకసారి, 250 ఒకసారి పడ్డాయి. సంగతి తెలియకపోతే ఇంటికి రాగానే ఇంకో ఎనిమిది మి.లీ. వేసేవాళ్లం. అదృష్టం, ఏమీ కాలేదు. కానీ ఇదే మందు మోతాదు మించితే నేరుగా కాలేయం మీద దెబ్బకొడుతుందని మీ మేనేజరమ్మకు తెలుసా? సీసా మీద 120 ఉందో, 250 ఉందో చూడాలని ఆమెకు ఎవరైనా నేర్పారా? ఇంటికి ఫోన్ చేసి ‘పొద్దున ఏమైనా వేశారా’ అని ఒక్క మాట అడగకుండా ఇంకొకరి పిల్ల నోట్లో మందు పోసే అధికారం ఆమెకు ఎక్కడినుంచి వచ్చింది?

మా అమ్మాయిది తప్పే. ఆ రాత్రి నేనూ తిట్టాను. అయితే పావలా ఖరీదు చేయని ఒక బ్యాడ్జి కోసం ఒక తల్లి జ్వరాన్ని మందు కింద దాచి పంపిందంటే, ఆ దాచడానికి బహుమతి పెట్టింది ఎవరు? లోపల పడుకున్న ఆ ముగ్గురి తల్లులు కూడా పొద్దున ఇదే పని చేసి ఉంటారని మీకు అనుమానం రాలేదా? అసలు మీకు తెలియకనా?

ఇంకొకటి అడుగుతాను. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో పాటు ఫిట్స్ రావచ్చు. మీ బడిలో వందమంది ఉంటే ఆ ఇద్దరో, ఐదుగురో ఎప్పుడో ఒక రోజు మీ చాప మీదే కొట్టుకోవచ్చు. అప్పుడు మీ టీచరు ఏం చేస్తుంది? చేతిలో తాళంచెవులు పెడుతుందా, నోట్లో చెంచా దూర్చుతుందా? పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంతే. నేర్పడానికి పది నిమిషాలు చాలు. యాన్యువల్ డే డాన్సుకు నలభై రోజులు నేర్పిస్తారు కదా.

ఇక మీ డాక్టరు చీటీ గోల. మూడు రోజులు మానితే చీటీ తెమ్మంటారు. జలుబు జ్వరానికి చీటీ కోసం మళ్లీ క్లినిక్కు, మళ్లీ ఫీజు, అక్కడ దగ్గే పిల్లల మధ్య గంటన్నర. కొత్త వైరస్ ఏదన్నా కావాలంటే అంతకంటే మంచి చోటు లేదు. చీటీ తెచ్చాక మీ క్లాస్ టీచరు అడిగిన ప్రశ్న మాత్రం నేను మర్చిపోను: ‘యాంటీబయాటిక్ కోర్సు అయిందా మేడమ్?’ రాయలేదమ్మా అంటే ముఖం అదోలా పెట్టింది. మేమేదో పిల్లకు వైద్యం చేయించకుండా తెచ్చి దింపుతున్నట్టు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మందు అట్టల మీద ఎర్ర గీత ఊరికే గీయలేదు. అవసరం లేకుండా వాడితే రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన నాడు ఆ మందు చేతులెత్తేస్తుంది, అది మా ఒక్క పిల్లకే కాదు, ఊరందరికీ. రాయకుండా పంపిన డాక్టరు మంచి డాక్టరు. మీ ముఖాలు చూడలేక ‘ఏదో ఒకటి రాసివ్వండి సార్’ అని బతిమాలే తల్లులను తయారు చేస్తున్నది మీరు.

దగ్గు మందు సంగతీ అంతే. ‘క్లాసులో బాగా దగ్గుతోంది, సిరప్ ఏదైనా పంపండి’ అని డిసెంబరులో డైరీలో రాశారు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జరిగిన ఘోరానికి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. దగ్గు సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి, కిడ్నీలు పాడై ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది ఐదేళ్లలోపు వాళ్లే. మామూలు దగ్గు, మామూలు జ్వరంతో మొదలైన కథలవి. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దు, ఐదేళ్లలోపు వాళ్లకు కూడా సాధారణంగా అవసరం లేదు అని. పేపర్లన్నీ రాశాయి. పసిపిల్లల బడి నడిపేవాళ్లు ఆ వార్త చదవకపోతే ఇంకెవరు చదవాలి? మీ డైరీలో ఆ మాట రాసిన టీచరుకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ఆమెను నేను అనను. ఆమెకు చెప్పవలసినవాళ్లు మీరు.

జులై పొక్కుల గురించి కొంచెం మాట్లాడుకుందాం. దాన్ని హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అంటారు. వానాకాలంలో మన ఊళ్లలో తిరిగేదే, చాలావరకు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. మామూలుగా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. నాకు బాధ కలిగించింది జబ్బు కాదు. మా పిల్లకు పొక్కులు వచ్చేసరికి అదే తరగతిలో నలుగురికి అప్పటికే వచ్చి ఉన్నాయి. ఆ సంగతి మీరు చెప్పలేదు. గేటు బయట వ్యాన్ కోసం నిలబడ్డ తల్లులు చెప్పుకుంటుంటే విన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘పేరెంట్స్ ప్యానిక్ అవుతారు ఆంటీ’ అని జవాబు. ముందే తెలిసి ఉంటే మొదటి రోజు నోట్లో పుండు చూడగానే ఇంట్లో ఆపేవాళ్లం. తెలియక ఆ రోజు కూడా బడికి పంపాం. ఇంకెంతమందికి అంటిందో. ఆ తరగతిలో ఒక తల్లి నిండు గర్భిణి. ఆమెకు చెప్పొద్దా? పిల్లల పేర్లు చెప్పమని ఎవరూ అడగలేదు. ‘నర్సరీలో ఈ జబ్బు కనబడింది, చూసుకోండి’ అన్న ఒక్క వాక్యం. పుట్టినరోజు ఫొటోలు రోజుకు ముప్పై పెట్టే గ్రూపులో ఆ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదా?

మా కాలంలో ఊళ్లో ఒక ఇంట తట్టు కనబడితే సాయంత్రానికి సబ్‌సెంటర్‌కు కబురు రావాలి. రాకపోతే నాకు మెమో. పదిళ్లూ తిరిగి టీకా పడని పిల్లలెవరో చూసేదాన్ని. కోట్లు పెట్టి కట్టిన మీ బడిలో కబురు చెప్పే పద్ధతే లేదు.

ఆ పొక్కులు బయటపడ్డ నాలుగు రోజుల తర్వాత మీరు చేసిన పని కూడా చెబుతాను, నవ్వొచ్చింది కాబట్టి. గేటు దగ్గర శానిటైజర్ సీసా పెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఈ పొక్కుల వైరస్ శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు. సబ్బు, నీళ్లు కావాలి. అది దొడ్డికి వెళ్లినప్పుడు కూడా వారాల తరబడి బయటికొస్తుంది. అంటే ప్యాంటు మార్చిన ప్రతిసారీ ఆయమ్మ చేతులు కడుక్కోవాలి. మీ బాత్‌రూమ్‌లో సబ్బు నా నడుమెత్తు అరలో ఉంది. మూడేళ్ల పిల్లకు అందుతుందా? గదులకు కిటికీలున్నాయి, అన్నీ మూసి కార్టూన్ బొమ్మల స్టిక్కర్లు అంటించారు. ఏసీ వేసి పాతికమందిని కూర్చోబెట్టిన గదిలో ఒక్కరు దగ్గితే ఆ గాలి అందరిదీ. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇరవైమందికి ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని ఉంది. మీ గదుల్లో తలలు ఎన్నో ఒకసారి మీరే లెక్కపెట్టుకోండి.

ఆయమ్మల మాట వచ్చింది కనుక. ఆ రోజు నా చెవిలో గుసగుసలాడిన ఆమె ముక్కు కూడా కారుతోంది. జ్వరమున్నా వస్తానంది, ఒక రోజు రాకపోతే ఆ రోజు కూలి కోత. ఆమె ఒళ్లో కూర్చోబెట్టి అన్నం తినిపించే పిల్లలు పన్నెండుమంది. పిల్లల ఇమ్యూనిటీ గురించి మాకు సలహాలిచ్చే ముందు ఆ తల్లికి నెలకు రెండు రోజులు జీతంతో సెలవు ఇస్తే మీ సొమ్మేం పోతుంది? నా లెక్కలో మీ బడిలో జ్వరాలు తగ్గించే అతి చవకైన మందు అది.

చవకది వద్దనుకున్నారు కాబోలు, డిసెంబరు పేరెంట్స్ మీటింగ్‌కు ఒక కంపెనీ వాళ్లను పిలిచి బల్ల వేయించారు. ‘ఇమ్యూనిటీ గమ్మీలు’, ఎలుగుబంటి ఆకారం, నెలకు సరిపడా డబ్బా తొమ్మిది వందలు. తల్లులు లైన్లో నిలబడి కొన్నారు. మా అమ్మాయి కూడా కొనబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 63. అది బీదవాళ్ల పిల్లల జబ్బని మీ బడి పిల్లల తల్లిదండ్రులు అనుకుంటారు, పాలూ బిస్కెట్ల మీద పెరిగే పిల్లల్లోనూ ఉంటుంది. దానికి వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్ సిరప్ సర్కారు ఉచితంగానే ఇస్తుంది. నులిపురుగుల మాత్ర ఉంది. ఫ్లూ టీకా సర్కారు జాబితాలో లేదు కానీ, ఐదేళ్లలోపు పిల్లలకు ఏటా వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతూనే ఉంది. ఆ బల్ల దగ్గర ఒక నర్సును కూర్చోబెట్టి ఈ మూడు మాటలు చెప్పించి ఉంటే దండం పెట్టేదాన్ని. మీ బడికి రెండు వీధుల అవతల రేకుల గదిలో ఒక అంగన్‌వాడీ ఉంది. ఫ్యాను సరిగ్గా తిరగదు. కానీ ఆ టీచరు దగ్గర ప్రతి పిల్ల తూకం రాసిన పుస్తకం ఉంది. మీ దగ్గర మా పిల్ల ఫొటోలు నాలుగు వందలున్నాయి. తూకం ఒక్కసారైనా రాశారా?

మీ వైపు ఇబ్బందులు నాకు తెలియవని కాదు. ముక్కు కారే ప్రతి పిల్లనూ ఇంటికి పంపితే ఆగస్టులో మీ బడికి తాళమే. నేను అలా పంపమనడం లేదు. చీమిడి పచ్చగా ఉన్నా, దగ్గు కాస్త మిగిలినా, పిల్ల తిని ఆడుకుంటుంటే బడికి రావచ్చు. తల్లిదండ్రుల్లో కూడా అన్నీ తెలిసీ కాలే ఒంటితో తెచ్చి దింపి, ఫోను ఎత్తనివాళ్లు ఉన్నారు. వాళ్లందరూ దుర్మార్గులు కారు. సెలవు పెడితే ఉద్యోగం ఊగే బతుకులు ఎక్కువ. అమ్మమ్మ ఇంట్లో ఉన్న మా పిల్ల అదృష్టవంతురాలు. లేనివాళ్లు ఏం చేయాలి అన్నది మీ ఒక్కరివల్ల తెగే చిక్కు కాదు, వాళ్ల ఆఫీసులకు ఇంకో ఉత్తరం రాస్తాను. కానీ గీత ఎక్కడ గీయాలో మీరు గీయవచ్చు. 100.4, ఆపైన ఉంటే జ్వరం. మందు వేయకుండా ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకపోతే మర్నాడు రావచ్చు, చీటీ అక్కర్లేదు. ఇది మీ గేటు మీద రాసిపెట్టండి. రాసినదాన్ని నమ్మి ఇంట్లో ఆపిన తల్లికి శిక్ష వేయకండి. పొద్దున ఏ మందు, ఎన్ని మి.లీ., ఎన్నింటికి వేశారో నిజం రాసే గడి ఒకటి డైరీలో పెట్టండి. ఆ గడి నింపినందుకు నక్షత్రం పోదని పిల్లకు కూడా చెప్పండి. మూడేళ్ల పిల్లకు అర్థమవుతుంది, నేను చెప్పి చూశాను.

అయినా హాజరు ఏమిటి మీకు? నిర్బంధ విద్యా చట్టమే ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. మూడేళ్ల పిల్లను బడికి రాలేదని అడిగే హక్కు సర్కారుకే లేదు. ఫీజు ఏడాది మొత్తానికీ జూన్‌లోనే కట్టించుకున్నారు, మా పిల్ల రాని రోజులకు ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వలేదు, అడగలేదు కూడా. ఆమె రాకపోతే మీకు మిగులే కదా, నష్టమేముంది? తొంభై శాతం అన్న అంకె ఎక్కడినుంచి తెచ్చారు? మీ బ్రోచర్‌లో వేసుకోవడానికా?

సర్క్యులర్ వెనక్కి తీసుకున్నట్టు ఇంకో సర్క్యులర్ పంపించండి. రాత్రి తొమ్మిదిన్నరకైనా ఫరవాలేదు, మేం మేలుకునే ఉంటాం. ఈ వారం మా ఇంట్లో దగ్గు నడుస్తోంది.

గ్రాడ్యుయేషన్ డేకు నల్ల గౌను, నాలుగు పలకల టోపీ అద్దెకని జనవరిలోనే ఆరు వందలు కట్టించుకున్నారు. మా చిట్టి అద్దం ముందు తువ్వాలు కప్పుకుని రోజూ రిహార్సల్ వేస్తోంది. వేదిక మీదికి పిలుస్తారో లేదో మీ ఇష్టం. ఆ రోజు పొద్దున థర్మామీటరు 100.4 చూపిస్తే మాత్రం మీరు పిలిచినా మేం రాము. ఆరు వందలు మీరే ఉంచుకోండి. సబ్బు కొనండి. పిల్లలకు అందే ఎత్తులో పెట్టండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
రిటైర్డ్ ఏఎన్‌ఎం, హైదరాబాద్